ఒకే దవడ, రెండు జ్ఞానదంతాలు, రెండు ఫలితాలు

ఈ కేసులో రోగి ఒక్కరే, దవడ ఒక్కటే, ఆపరేషన్ చేసిన సర్జన్‌ని కూడా రెండుసార్లూ నేనే. ఫలితాలు మాత్రం రెండు. కుడివైపు కింది జ్ఞానదంతాన్ని వేర్లతో సహా పూర్తిగా తీశాను. ఆవిడ కింది పెదవిలో కుడి సగం మొద్దుబారింది, ఇప్పటికీ పూర్తిగా తేరుకోలేదు. ఆరేళ్ళ తర్వాత ఎడమవైపు పన్నుకు పైభాగాన్ని మాత్రమే కోసి తీసి, వేర్లను ఎముకలోనే వదిలేశాను. ఆ వైపు పెదవికి ఏమీ కాలేదు. ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలేవీ ఇందులో లేవు.

పన్ను పూర్తిగా బయటికి వస్తే ఆపరేషన్ బాగా అయినట్టే అన్న నమ్మకం మాకు చదువుకునే రోజుల నుంచీ ఉంటుంది. తీసిన ముక్కలను ట్రేలో కలిపి పెట్టి, వేరు కొస విరగలేదని చూసుకుని తృప్తి పడతాం. నేనూ అలాగే పడ్డాను. చూడాల్సింది ట్రేలో కాదు, పెదవి మీద అని ఈ కేసే నాకు నేర్పింది.

కుడివైపు పన్ను

మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ వయసు 33. బీపీ, షుగర్ లేవు, మందులేవీ వాడటం లేదు. కుడివైపు చివర చిగురు వాచి, నోరు రెండు వేళ్ళ పట్టు కూడా తెరవలేకపోవడం నాలుగు నెలల్లో రెండుసార్లు జరిగింది. పరీక్షలో 48వ నంబరు పన్ను, అంటే కుడివైపు కింది జ్ఞానదంతం, ముందుకు వాలి, పక్క పన్నుకు తల ఆనించి ఉంది. సగం పైకి వచ్చింది, సగం చిగురు కింద ఉంది. ఆ సందులో ఆహారం ఇరుక్కుని చీము పట్టడం మేం రోజూ చూసేదే. పెల్, గ్రెగరీ 1933లో ఇచ్చిన వర్గీకరణ ప్రకారం క్లాస్ 2, పొజిషన్ బి. అంటే పన్నుకు కావలసిన చోటులో కొంత భాగాన్ని దవడ నిలువు ఎముక ఆక్రమించింది. పన్ను తల పక్క పన్ను నమిలే తలానికి కింద, దాని మెడకు పైన ఉంది. ఇవన్నీ కేస్ షీట్‌లో శ్రద్ధగా రాశాను. వృత్తి అన్న గడిలో "టీచర్" అని మాత్రం రాసి వదిలేశాను. ఏం టీచరో అడగలేదు.

ఆవిడ వేణువు నేర్పే టీచర్.

రెండు దవడలూ ఒకే ఫిల్మ్‌లో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీయించాను. వేర్ల కొసలు నరం గొట్టం మీద పడుతున్నాయని గమనించి, "వేర్లు నరానికి దగ్గరగా ఉన్నాయి" అని ఒక వాక్యం రాశాను. అంగీకార పత్రంలో "పెదవి తాత్కాలికంగా తిమ్మిరెక్కవచ్చు" అని ఉంది. ఆవిడ సంతకం చేశారు. మరో వారానికి పన్ను తీశాను.

నరం నడిచే దారి

ఇక్కడ కాస్త ఆగి దవడ నిర్మాణం చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరానికి మూడు కొమ్మలు. మూడో కొమ్మ నుంచి విడిపోయిన ఇన్‌ఫీరియర్ ఆల్వియోలార్ నరం, దవడ నిలువు భాగం లోపలి వైపున ఉన్న రంధ్రం గుండా ఎముకలోకి దిగుతుంది. కింది పళ్ళకు మత్తు ఇచ్చేటప్పుడు మేం సూదితో వెతికేది ఆ రంధ్రం చుట్టుపక్కల చోటునే. లోపల మాండిబ్యులర్ కెనాల్ అనే గొట్టంలో రక్తనాళాలతో కలిసి, పళ్ళ వేర్ల కింద నుంచి ముందుకు సాగుతుంది. కోరపంటికి వెనక ఉండే ప్రీమోలార్ పళ్ళ దగ్గర మెంటల్ ఫోరామెన్ అనే మరో రంధ్రం నుంచి ఒక పెద్ద కొమ్మ బయటికి వచ్చి, కింది పెదవికి, గడ్డం చర్మానికి, ముందు చిగురుకి స్పర్శనిస్తుంది.

పెదవిని కదిలించే పని ఈ నరానిది కాదు, అది ఫేషియల్ నరం పని. అందుకే ఈ నరం దెబ్బతిన్న మనిషి పెదవి అద్దంలో మామూలుగానే కనిపిస్తుంది. మాట్లాడతారు, నవ్వుతారు. ఇంట్లోవాళ్ళకు కూడా ఏమీ తేడా కనిపించదు. "ఏమీ లేదుగా, బాగానే ఉన్నావుగా" అంటారు. ఆ మాట రోగిని ఎంత ఒంటరిని చేస్తుందో నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

జ్ఞానదంతం దగ్గర గొట్టం చాలామందిలో వేర్ల కింద, కొంచెం దూరంలో ఉంటుంది. కొందరిలో వేర్లను తాకుతుంది. మరికొందరిలో వేర్ల మధ్య నుంచో, వేరు మీద గాడి చేసుకునో పోతుంది. పన్ను వేర్లు పెరిగే వయసుకే నరం అక్కడ ఉంటుంది కాబట్టి, పన్ను వేరు దాని చుట్టూ ఒదిగి పెరుగుతుంది. అలాంటి పన్నును పైకి లేపితే వేరు నరాన్ని నొక్కుతుంది, లేదా లాగుతుంది. చేయి ఎంత సున్నితంగా ఉన్నా అంతే.

ఈ సంబంధాన్ని ఎక్స్‌రేలో పసిగట్టే గుర్తులను రూడ్, షెహాబ్ 1990లో వివరించారు. మొత్తం ఏడు. వాటిలో నరం దెబ్బతో గట్టిగా ముడిపడ్డవి మూడు: గొట్టం దారి మళ్ళడం, గొట్టం పై అంచున ఉండే తెల్ల గీత తెగిపోవడం, గొట్టం దాటే చోట వేరు నల్లబడటం. వేరు మీద గాడి పడితే అక్కడ పంటి పదార్థం తగ్గి ఎక్స్‌రే ఎక్కువగా దాటిపోతుంది, అందుకే నలుపు. నాలుక వైపు ఎముక పలచబడినా ఆ నలుపు రావచ్చు. ఏదైనా సరే, అది ఆగి ఆలోచించమని చెప్పే గుర్తు.

ఆవిడ కుడివైపు ఎక్స్‌రే ఇప్పటికీ నా దగ్గరుంది. రెండు వేర్ల మీదుగా నల్లటి పట్టీ ఉంది. తెల్ల గీత అక్కడ లేదు. మూడు గుర్తుల్లో రెండు. "దగ్గరగా ఉన్నాయి" అని రాసిన నేను ఆ రెంటినీ చూడలేదు. చూసి ఉంటే ఏం చేయాలో కూడా అప్పటికి నాకు తెలుసు. చదివాను, కానీ వాడలేదు.

పెదవి

ఆపరేషన్ మొదటి అరగంట మామూలుగానే సాగింది. పన్ను తలను, వేర్లను విడదీసి, వెనక వేరును ఎలివేటర్ అనే మీట లాంటి పరికరంతో లేపుతుండగా ఆవిడ ఒక్కసారిగా ఉలిక్కిపడ్డారు. పెదవిలో కరెంట్ షాక్ కొట్టినట్టయిందని తర్వాత చెప్పారు. మత్తు బాగా ఎక్కి ఉండగా అలా జరగడం నరాన్ని తాకామనడానికి గుర్తు. వేరు బయటికి రాగానే గుంట అడుగు నుంచి ముదురు రక్తం ఉబికింది. గాజుగుడ్డతో పది నిమిషాలు నొక్కి పెడితే ఆగింది. కుట్లు వేశాను. ఆ రోజు షీట్‌లో ఇలా ఉంది: "పన్ను పూర్తిగా తీయడమైనది. ఇబ్బందులు లేవు."

మర్నాడు ఆవిడే ఫోన్ చేశారు. మత్తు ఇంకా దిగలేదన్నారు. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ అనే మత్తుమందుతో పెదవి మొద్దుబారడం సాధారణంగా మూడు నుంచి ఐదు గంటలు. ఇరవై గంటల తర్వాత అది మత్తు కాదు. నేను మాత్రం "వాపు ఉంటుందమ్మా, నాలుగు రోజులు చూద్దాం, టెన్షన్ పడకండి" అన్నాను. ఆవిడ కోసం చెప్పాననుకున్నాను. నిజానికి నాకు నేను చెప్పుకున్నాను.

ఆ నాలుగు రోజులు తిరిగి రావు. నరం గాయం ఉందని అనుమానం రాగానే అదే రోజు పిలిపించి, స్పర్శ పరీక్షించి, గుంటలో ఎముక ముక్కో వేరు ముక్కో నరాన్ని నొక్కుతోందేమో స్కాన్‌లో చూడాలి. ఉంటే వెంటనే తీయాలి. స్టెరాయిడ్ వల్ల లాభం ఎంతన్నది వాదనలో ఉన్న విషయమే అయినా, ఇవ్వదలిస్తే మొదటి రోజుల్లోనే ఇవ్వాలి. దవడను త్రీడీలో చూపే సీబీసీటీ స్కాన్ నేను తీయించింది మూడో వారంలో. గొట్టం పైకప్పు విరిగి ఉంది, లోపల ముక్కలేవీ లేవు. ముక్క ఉండి ఉంటే మూడు వారాల ఆలస్యానికి నా దగ్గర ఏ జవాబూ ఉండేది కాదు.

ఆ తర్వాత పరీక్షలు పద్ధతిగా చేశాను. కళ్ళు మూయించి దూదితో తాకడం, మెత్తని బ్రష్‌ను ఏ వైపుకు కదిపానో అడగడం, రెండు మొనలను ఎంత దూరంలో పెడితే రెండుగా తెలుస్తాయో కొలవడం. స్పర్శ తగ్గిన మేర చర్మం మీద పెన్సిల్‌తో గీత గీసి ఫోటో తీయడం. గీత కుడి నోటి మూల నుంచి గడ్డం మధ్య దాకా వచ్చింది. మొదటి నెలలో దూది అసలు తెలియలేదు. మూడో నెలకు తాకుడు తెలిసింది, దాంతో పాటు చీమలు పాకినట్టు మొదలైంది. గీత లోపలికి జరుగుతూ వచ్చి, తొమ్మిదో నెల దగ్గర ఆగిపోయింది.

సెడన్ 1943లో నరం గాయాలను మూడుగా విడదీశాడు: కొద్దిపాటి నొక్కుడుతో సంకేతం ఆగిపోయి వారాల్లో తిరిగొచ్చేది, లోపలి పోగులు తెగి నెమ్మదిగా మళ్ళీ పెరిగేది, నరం మొత్తంగా తెగిపోయేది. ఆవిడది రెండోదానికి దగ్గర. స్పర్శ కొంత తిరిగి వస్తోంది, నొప్పి లేదు కాబట్టి నరాన్ని తెరిచి సరిచేసే మైక్రోసర్జరీకి పంపలేదు. అసలు మార్పే లేకపోయినా, మంటతో కూడిన నొప్పి ఉన్నా మూడు నెలలు దాటకుండా పంపాల్సి వచ్చేది.

"గ్లాసు అంచు సగమే ఉన్నట్టుంది డాక్టర్ గారూ. మిగతా సగం ఎవరో విరిచేసినట్టుంది" అన్నారొకసారి. వేణువు సంగతి నాకు తెలిసింది రెండో నెలలో. ఊదే రంధ్రం కింది పెదవి మీద ఎక్కడ ఆనుతోందో ఆవిడకు తెలియడం లేదు. గాలి పక్కకు పోతోంది. పై స్థాయి స్వరాలు చీలిపోతున్నాయి. ఏడాదిన్నర సాధన చేసి, వేణువును ఎడమ సగం మీదకు జరుపుకుని వాయించడం అలవాటు చేసుకున్నారు. అంటే ఇక ఆవిడ వేణువు మొత్తం ఎడమ పెదవి మీదే ఆధారపడి ఉంది.

ఆరేళ్ళ తర్వాత, ఎడమవైపు

39 ఏళ్ళ వయసులో ఎడమవైపు 38వ నంబరు పన్నుకు అదే బాధ మొదలైంది. ఏడాదిలో మూడుసార్లు చిగురు వాపు, ఒకసారి జ్వరం. నా దగ్గరికే వచ్చారు. వేరే సర్జన్ దగ్గరికి వెళ్ళమని నేనే చెప్పాను. "అప్పుడు లోపల ఏం జరిగిందో మీకే తెలుసు కదా" అన్నారు. రెండో అభిప్రాయం తీసుకోవాలన్న షరతు మీద ఒప్పుకున్నాను. తీసుకున్నారు. ఆ సర్జన్ ఆలోచనా, నాదీ ఒకటే అయింది.

పన్ను తీయకుండా వదిలేయవచ్చా అన్నది మొదటి ప్రశ్న. బాధ పెట్టని జ్ఞానదంతాన్ని ముందు జాగ్రత్తగా తీయవద్దని బ్రిటన్ నైస్ సంస్థ 2000లో మార్గదర్శకం ఇచ్చింది. కానీ ఇది బాధ పెట్టని పన్ను కాదు. పైగా ముందుకు వాలిన జ్ఞానదంతం దాని ముందున్న పన్ను వెనక భాగాన్ని పుచ్చిపోయేలా చేస్తుంది. ఆ ముందున్న 37వ పన్ను వెనక, పన్నుకూ చిగురుకూ మధ్య ఏర్పడిన సంచి 7 మి.మీ. లోతు ఉంది, పుప్పి మొదలైన గుర్తు కూడా ఉంది. వదిలేస్తే రెండు పళ్ళు పోతాయి. పై చిగురును మాత్రమే కోసేయడం ఇంత వాలిన పన్నుకు పనికిరాదు, కొద్ది నెలల్లో మళ్ళీ కమ్ముకుంటుంది.

ఈసారి ఓపీజీలో మూడు గుర్తులూ ఉన్నాయి. సీబీసీటీలో గొట్టం వేర్లకు నాలుక వైపున ఉంది. వేరుకూ నరానికీ మధ్య ఉండాల్సిన ఎముక గోడ 4 మి.మీ. మేర అసలు లేదు. గుండ్రంగా ఉండాల్సిన గొట్టం, ఒకవైపు పన్ను వేరు, మరోవైపు నాలుక వైపు ఎముక నొక్కిన నొక్కుకి మధ్యలో సన్నబడి, డంబెల్ ఆకారంలో కనిపించింది. నాలుక వైపు గొట్టం, గోడ లేకపోవడం, ఆకారం నొక్కుకుపోవడం, మూడూ కలిసిన పన్నును పూర్తిగా తీయడం నాకు తెలిసి అన్నిటికన్నా ప్రమాదకరమైన దారి.

సీబీసీటీ గురించి ఒక మాట. పన్ను తీసే ముందు ఈ స్కాన్ చేసినంత మాత్రాన నరం గాయాలు తగ్గినట్టు, ఓపీజీతో పోల్చిన రాండమైజ్డ్ (ఎవరికి ఏ పద్ధతో చీటీ తీసినట్టు నిర్ణయించే) పరిశోధనల్లో తేలలేదు. కొందరు దీన్ని స్కాన్ అనవసరం అనడానికి వాడతారు. నేను వేరుగా చూస్తాను. స్కాన్ చూసి కూడా అదే ఆపరేషన్ చేస్తే నరానికి ఒరిగేదేమీ లేదు. చూసినదాన్ని బట్టి ఆపరేషన్ మారితేనే ఆ రేడియేషన్‌కు అర్థం ఉంటుంది.

మార్చిన ఆపరేషన్ పేరు కరోనెక్టమీ. పన్ను తలను కోసి తీసేసి, నరంతో చుట్టరికం ఉన్న వేర్లను ప్రాణంతోనే ఎముకలో వదిలేయడం. 1984లో ఎకుయే, డెబియాన్ ఫ్రెంచ్‌లో రాసిన వ్యాసం నుంచి ఈ పద్ధతి ఉంది. "వేరు వదిలేయడమా?" అని ఆవిడ ఆశ్చర్యపోయారు. విరిగిన వేరు లోపల ఉండిపోతే చీము పడుతుందన్నది అందరికీ తెలిసిన భయమే. కానీ చచ్చి, చీము పట్టిన వేరు సంగతి ఒకటి, రక్తప్రసరణ ఉన్న ఆరోగ్యమైన వేరు సంగతి మరొకటి. రెండోదాన్ని ఎముక కప్పేస్తుంది.

ఆవిడ ముందు లెక్కలు పెట్టాను. 2005లో రెంటన్ బృందం ప్రచురించిన రాండమైజ్డ్ పరిశోధనలో, నరానికి దగ్గరగా ఉన్న పళ్ళను పూర్తిగా తీసిన 102 చోట్ల 19 నరాలు దెబ్బతిన్నాయి. కరోనెక్టమీ సవ్యంగా జరిగిన 58 చోట్ల ఒక్కటీ దెబ్బతినలేదు. అయితే మొత్తం 94 కరోనెక్టమీల్లో 36 చోట్ల కోస్తుండగా వేర్లు కదిలిపోయి, వాటినీ తీయాల్సి వచ్చింది. వాటిలో 3 చోట్ల నరం దెబ్బతింది. 2009లో హాంకాంగ్‌లో లియుంగ్, చ్యూంగ్ చేసిన పరిశోధనలో పూర్తిగా తీసినవాటిలో 5.10 శాతం, కరోనెక్టమీలో 0.65 శాతం నరం లోపాలు వచ్చాయి. ఆవిడ అన్నీ విని, మొదటి పరిశోధనలోని ఆ 36 దగ్గర ఆగారు. "అంటే మీ చేయి కదిలితే మళ్ళీ అదే కథ." అవునన్నాను. వేర్లు కదిలితే ఆ రోజే తీయక తప్పదు, కదిలిన వేరును వదిలేస్తే చీము పడుతుంది. ఆరునెలల్లోనో రెండేళ్ళలోనో వేర్లు పైకి జరిగి మరో చిన్న ఆపరేషన్ అవసరం కావచ్చని కూడా చెప్పాను. ఇవన్నీ ఆవిడ తన మాటల్లో తిరిగి నాకు చెప్పాకే సంతకం తీసుకున్నాను.

ఆపరేషన్

2 శాతం లిగ్నోకెయిన్‌తో దవడ నరానికి బ్లాక్, చెంప వైపు అదనంగా మత్తు. కోత వెనక భాగాన్ని చెంప వైపుకు తిప్పాను. దవడ నిలువు ఎముక అక్కడ బయటికి విచ్చుకుంటుంది కాబట్టి, తిన్నగా వెనక్కి కోస్తే కత్తి ఎముక మీద కాక మెత్తని కణజాలంలో పడుతుంది. నాలుకకు స్పర్శనిచ్చే లింగువల్ నరం కొందరిలో నాలుక వైపు ఎముక అంచుకు ఆనుకునే పోతుంది. అందుకే ఆ వైపు చిగురును అసలు లేపలేదు.

చెంప వైపు ఎముకలో సన్నని గాడి చేసి పన్ను మెడను బయటపెట్టాను. ఫిషర్ బర్ అనే సన్నని డ్రిల్ మొనతో చెంప వైపు నుంచి సుమారు 45 డిగ్రీల వాలులో కోత. ఈ ఆపరేషన్ గెలుపోటములు ఇక్కడే ఉన్నాయి. తక్కువ కోసి ఎలివేటర్‌తో విరిస్తే, ఆ బలం వేర్లకు పాకి అవి కదులుతాయి. పూర్తిగా అవతలి దాకా కోస్తే బర్ నాలుక వైపు ఎముక దాటి లింగువల్ నరాన్ని తాకవచ్చు. అవతలి అంచున పలచని పెంకు మాత్రం మిగిలేదాకా, సెలైన్ పోస్తూ, ఆపి ఆపి కోశాను. తర్వాత ఎలివేటర్‌ను కోతలో పెట్టి, తాళం చెవి తిప్పినంత మెల్లగా తిప్పాను. తల ఊడొచ్చింది. ప్రోబ్ అనే సన్నని మొనతో ఒక్కో వేరును మెల్లగా నొక్కి చూశాను. కదల్లేదు. ఆ కొన్ని సెకన్లు నేను ఊపిరి తీసుకోలేదని మా నర్సు తర్వాత చెప్పింది.

వేర్ల లోపలి పల్ప్ (రక్తనాళాలుండే మెత్తని గుజ్జు) నుంచి ఎర్రటి రక్తం చుక్కలుగా వస్తోంది. దాన్ని ముట్టుకోకూడదు. రూట్ కెనాల్ చేస్తే మేలు కదా అని కొత్తవాళ్ళు అడుగుతారు. బతికున్న పల్ప్‌కి దాని అవసరం లేదు, చేస్తే నష్టమే ఎక్కువ. గుండ్రటి బర్‌తో వేర్ల పైభాగాన్ని ఎముక అంచుకు 3, 4 మి.మీ. కిందికి తగ్గించాను. పైన ఎముక పెరగడానికి ఆ ఖాళీ కావాలి.

కుట్లు వేసే ముందు ఎక్స్‌రే తీయించడం మంచిదైంది. వెనక, నాలుక వైపు మూలలో ఎనామిల్ ముక్క ఒకటి ముల్లులా మిగిలి ఉంది. ఎనామిల్ మీద ఎముక పెరగదు. అది మిగిలితే గాయం మానదు, కరోనెక్టమీ విఫలమవడానికి అదొక ముఖ్య కారణం. అద్దం పెట్టి చూసినా నాకు కనిపించలేదు. చిగురు మళ్ళీ తెరిచి, దాన్ని అరగదీసి, ఇంకో ఎక్స్‌రే చూశాక అంచులు గట్టిగా కలిసేలా కుట్లు వేశాను. మొత్తం 50 నిమిషాలు. కుడివైపు పన్నుకు పట్టిన సమయం కన్నా ఎక్కువే.

ఆ తర్వాత రెండేళ్ళు

సాయంత్రం ఆరు గంటలకు నేనే ఫోన్ చేశాను. మత్తిచ్చి ఆరు గంటలైంది. "పెదవి చురుక్కుమంటోంది డాక్టర్ గారూ, వచ్చేసింది" అన్నారు. మర్నాడు ఉదయం పిలిపించి దూది, బ్రష్, రెండు మొనలు, అన్నీ పరీక్షించాను. ఎడమవైపు 5 మి.మీ. దూరంలోని రెండు మొనలు రెండుగానే తెలిశాయి. ఆపరేషన్‌కు ముందు కొలతా అదే.

మూడో రోజు నుంచి పదో రోజు దాకా నొప్పి నేననుకున్నదానికన్నా ఎక్కువే ఉంది. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్‌తో తగ్గింది. చీము లేదు. రెండు వారాలకు వేణువు పట్టుకున్నారు.

ఆరో నెల ఎక్స్‌రేలో వేర్లు 2.5 మి.మీ. పైకి జరిగి ఉన్నాయి. వేరు వదిలిన చోట కొత్త ఎముక వచ్చి, గొట్టం పై అంచున ఇదివరకు లేని తెల్ల గీత సన్నగా కనిపించింది. ఆ ఫిల్మును చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. వేరును నరం నుంచి నేను విడదీయలేకపోయేవాణ్ణి. ఆ పనిని శరీరం తనంతట తాను, ఏ పెదవీ మొద్దుబారకుండా చేస్తోంది.

పన్నెండో నెలకు 37 వెనక సంచి లోతు 7 నుంచి 4 మి.మీ.కి తగ్గింది. మొదలైన పుప్పికి చిన్న ఫిల్లింగ్ చేశాను.

ఇరవయ్యో నెలలో నోట్లో ఏదో చెడు రుచి వస్తోందని వచ్చారు. వేర్ల కొన చిగురును చీల్చుకుని బయటికి చూస్తోంది, ప్రోబ్‌కు గరుకుగా తగిలింది. చిన్న సీబీసీటీ తీయిస్తే వేర్లకూ గొట్టానికీ మధ్య 3 మి.మీ.కి పైగా ఎముక ఉంది. మత్తిచ్చి తీస్తే పన్నెండు నిమిషాల్లో రెండు వేర్లూ వచ్చాయి. ఆ సాయంత్రం కూడా పెదవి మామూలుగానే ఉంది.

మా జూనియర్ ఒకరు రికార్డులో దీన్ని "కరోనెక్టమీ విఫలం, రెండో ఆపరేషన్ అవసరమైంది" అని రాశారు. నేను కొట్టేయించాను. మొదటి రోజు నరానికి అంటుకుని ఉన్న వేర్లు రెండేళ్ళలో దానికి దూరంగా వచ్చి, ఏ ప్రమాదమూ లేకుండా బయటపడ్డాయి. రెండో ఆపరేషన్ అవసరం కావచ్చని ముందే చెప్పి చేసిన చికిత్సలో అది ఒక దశ. అలాగే కుడివైపు పాత షీట్‌లో "ఇబ్బందులు లేవు" అని నేను రాసుకున్న మాట కింద తేదీ వేసి, నిజం రాసి సంతకం పెట్టాను. ఇప్పుడు మా షీట్‌లో ఫలితం అనే గడి ఆపరేషన్ రోజున నింపం. ఆరు నెలల తర్వాత పెదవి పరీక్షించాకే నింపుతాం. వృత్తి గడి పక్కన "పెదవితో, నాలుకతో పని ఉందా?" అని ఇంకో ప్రశ్న చేర్చాం. జ్ఞానదంతం తీసిన ప్రతి ఒక్కరికీ అదే సాయంత్రం ఫోన్ వెళుతుంది.

మొన్న ఆవిడ ఏడాది పరీక్షకు వచ్చారు. ఎడమవైపు కొలత 5 మి.మీ. కుడివైపు 13. పెన్సిల్‌తో కుడివైపు గీత గీసి, పాత ఫోటో పక్కన పెట్టి చూశాం. చివరి మూడేళ్ళలో అది కదల్లేదు. వచ్చే ఏడాది మళ్ళీ గీస్తాను.